ఆదర్శ్ గారి కంపానియన్

1999 ఫిబ్రవరి 8

రాసుకోకపోతే ఈ కోపం తగ్గేలా లేదు.

ఈ రోజు చలపతిరావు గారు నన్ను లండన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి పరిచయం చేశారు. ఆవిడ పేరు జయలక్ష్మి. అక్కడి తెలుగు పిల్లల కోసం శని, ఆదివారాల్లో ఒక బడి నడుపుతున్నారు. మేం తయారుచేస్తున్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు సీడీ నచ్చితే, ఆ దేశంలో అమ్మిపెట్టే బాధ్యత తీసుకుంటారట. అందుకని మా చలపతిరావు గారు పొద్దున్నుంచీ కొత్త టై కట్టుకుని హడావిడిగా తిరిగారు. నిన్నమొన్నటి దాకా రోడ్లూ కల్వర్టులూ కట్టించిన మనిషి. మాదాపూర్ బండల మధ్య కంప్యూటర్ల కోసం ఆ గుండ్రటి పెద్ద భవనం లేవబోతోందనగానే, మనమూ ఒక కంపెనీ పెడదామని ఇటు దిగారు. మంచివారే. ఇంగ్లీషు మాత్రం ఆయన నోట్లోంచి ఏ రూపంలో బయటికొస్తుందో ఎవరికీ తెలియదు.

ఆవిడ మా గదిలోకి రాగానే ఆయన చెయ్యి చాపి, "మీట్ మిస్టర్ ఆదర్శ్, అవర్ ఎడిటర్" అన్నారు. అదే చెయ్యి నా వైపు తిప్పి, "అండ్ దిస్ ఈజ్ సంయుక్త, హిజ్ కంపానియన్" అన్నారు.

జయలక్ష్మి గారి కనుబొమలు పైకి లేచాయి. వెంటనే సర్దుకుని నా చేతులు రెండూ పట్టుకున్నారు.

"చాలా సంతోషం అమ్మా. ఈ దేశంలో ఉండి కూడా ఇంత ధైర్యంగా ఉన్నారు మీరిద్దరూ" అన్నారు.

ధైర్యమట!

ఆదర్శ్ నవ్వాడు. చలపతిరావు గారికి తెలియదు, పోనీ. కంపానియన్ అంటే తోడుగా వచ్చే మనిషి అని తెలుసు ఆదర్శ్‌కి. జీతానికి ముసలమ్మల పక్కన కూర్చునే అమ్మాయి అని తెలుసు. పెళ్ళి లేకుండా కలిసి కాపురం చేసే మనిషి అని కూడా తెలుసు. అన్నీ తెలిసినవాడు నవ్వి ఊరుకున్నాడు.

ఫిబ్రవరి 9

మధ్యాహ్నం టీ బండి దగ్గర అడిగాను.

"నువ్వెందుకు సరిదిద్దలేదు?"

"ఆవిడ ముందు పెద్దాయన చిన్నబోతారని. ఆయన ఇంగ్లీషు సంగతి నీకు తెలీదా? కొలీగ్ అనబోయి అలా అన్నారు."

"నిన్ను ఒక్కణ్ణే ఎడిటర్ అనడం కూడా నోరు జారడమేనా?"

"అబ్బ, సంయుక్తా! ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా? టైం చూసి చెప్తాలే."

ఒక్క మాటట. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక్కో మాట పట్టుకుని కొట్టుకునే వాడు అనాల్సిన మాటేనా?

సరే, చెప్తానన్నాడు. చెప్తాడు. నాకు ఆదర్శ్ మీద కోపం లేదు. ఆ టై కట్టిన మనిషి మీదే.

ఫిబ్రవరి 12

చలపతిరావు గారు విజయవాడ వెళ్ళారు. ఇక ఆదర్శ్ మాత్రం ఎవరికి చెప్తాడు?

ఫిబ్రవరి 16

చలపతిరావు గారు నిన్ననే తిరిగొచ్చారు. ఆయన చిరాగ్గా ఉన్నారట. అందుకని ఆదర్శ్ కదిలించలేదు.

ఫిబ్రవరి 21, ఆదివారం

యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి రోజు నుంచీ ఆదర్శ్ నాకు తెలుసు. ఈ ఉద్యోగం ఇద్దరం ఒకే రోజు, ఒకే మాట మీద ఒప్పుకున్నాం. ఏ నుంచి ఎల్ దాకా అతనివి. ఎం నుంచి జెడ్ దాకా నావి. అక్క పెళ్ళికి అతను కాకినాడ వెళ్ళినప్పుడు సీలో సగం నేను రాశాను. కామెర్లు వచ్చి పడుకున్నప్పుడు ఎఫ్ మొత్తం రాశాను. అతను అడగలేదు. నేనే తీసుకున్నాను. స్నేహితులన్నాక ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

ఈ రోజు ఇంటికి తెచ్చుకున్న ప్రూఫులు చూస్తూ ఫెలో దగ్గర ఆగిపోయాను. యూనివర్సిటీలో ఫెలో అంటే పెద్ద గౌరవం. మా బస్సు కండక్టరు 'ఆ ఫెలో ఎక్కడ చచ్చాడు' అంటే అది తిట్టు. పీర్ అంటే సమానుడు. ఇంగ్లండులో మాత్రం ఆ మాట ప్రభువులకి బిరుదు. వాళ్ళలో వాళ్ళు సమానులట, మిగిలిన జనం కింద. ఎంత బాగుంది! సమానుడు అనే మాటని కూడా ఎక్కి కూర్చునే పీట చేసుకున్నారు. మనం ఏం తక్కువ? సహచరి అంటే కలిసి నడిచేది. ఇప్పుడు ఎవరైనా సహచరి అంటే పెళ్ళామనే అర్థం. మగవాడు ఎవరికి సహచరుడైనా పేరు చెడదు.

పార్ట్‌నర్‌కి నేను రాసిన అర్థాలు మూడు. వ్యాపారంలో భాగస్తుడు. ఆటలో జోడీ. మూడోది రాస్తుంటే ఆదర్శ్ వెనక నిలబడి చదివాడు. "మన ఇద్దరికీ ఏది సరిపోతుంది, పార్ట్‌నర్?" అన్నాడు. కిందటి శ్రావణంలో. ఇంకు ఒలికిందని చెప్పి ఆ కాగితం ఇంకోసారి రాసిచ్చాను. మొదటిది నా పెట్టెలో ఉంది. ఇంకు చుక్క కూడా ఒలకలేదు దాని మీద.

మార్చి 4, బెంగుళూరు

ఇక్కడ కంప్యూటర్ల ప్రదర్శన. మా సీడీని చూపించడానికి ఆదర్శ్‌నీ నన్నూ పంపారు. హోటలు ఏర్పాటు జయలక్ష్మి గారిది, ఆవిడా నిన్ననే వచ్చి అక్కడే దిగారు. పొద్దున్నే రైలు దిగి వెళ్తే, కౌంటర్లో అబ్బాయి ఒకే తాళంచెవి ఇచ్చాడు.

"రెండు గదులు కదా?" అన్నాను.

ఒకటేనన్నాడు. ప్రదర్శన వల్ల ఇంకో గది ఖాళీ లేదన్నాడు. నేను ఆదర్శ్ వైపు చూశాను.

"ముందు స్నానాలు కానిద్దాం. గది సంగతి తర్వాత చూసుకోవచ్చు" అని, ఆ తాళంచెవి తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నేను కింద సోఫాలో నా పెట్టె పక్కన కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తున్నారు. కాసేపటికి జయలక్ష్మి గారు దిగివచ్చారు.

"అదేంటమ్మా, ఇక్కడ కూర్చున్నావు? ఇద్దరూ పోట్లాడుకున్నారా?"

"మాకు పెళ్ళి కాలేదండీ."

"తెలుసమ్మా. నా దగ్గర దాచక్కర్లేదు. మా అబ్బాయీ అంతే, నాలుగేళ్ళుగా ఒక పిల్లతో ఉంటున్నాడు. నేను ఎవరికీ చెప్పనులే."

ఆవిడ అంత ప్రేమగా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

"మేం కలిసి ఉండటం లేదండీ. కలిసి పనిచేస్తున్నాం. ఆ నిఘంటువులో సగం అతను, సగం నేను. అంతకు మించి ఏమీ లేదు."

ఆవిడ మొహం పాలిపోయింది. "అయ్యో, ఎంత పొరపాటైంది! ఒక గది చాలా అని మీ ఆఫీసుకి ఫోన్ చేసి మరీ అడిగించానమ్మా. చాలన్నారే!"

నా పెట్టె తనే ఎత్తుకుని తన గదికి తీసుకెళ్ళారు. అక్కడ రెండో మంచం ఉంది. ఇక్కడ కూర్చునే ఇది రాస్తున్నాను.

ఫోన్‌లో చాలు అన్నది ఎవరు? ఇంకెవరు, ఆ కల్వర్టుల మనిషే. ఖర్చు మిగులుతుందని అని ఉంటారు.

మార్చి 17

ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు.

నేను అద్దెకుంటున్న ఈ ఇల్లు రత్నమ్మ గారిది. కడప నుంచి వచ్చినవాళ్ళు. ఆవిడ భర్త ఈశ్వరయ్య గారు ఇక్కడ ప్లాట్లు అమ్ముతారు. పొద్దున నేను ఆఫీసుకి బయలుదేరుతుంటే ఆవిడ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఏమ్మా సంయుక్తా, బెంగుళూరులో నువ్వూ ఆ పిల్లోడూ ఒకే రూములో ఉన్నారంటనే. మీ ఆఫీసోళ్ళు బస్సులో చెప్పుకుంటా ఉంటే మా ఆయన విన్యాడంట."

"అబద్ధమండీ. నేను వేరే గదిలో ఉన్నాను. జయలక్ష్మి గారని ఒక పెద్దావిడ..."

"నేనేమీ నమ్మలేదులే. నువ్వు మంచి పిల్లవే. కానీ నా ఇంట్లోనూ పెళ్ళి కావాల్సిన పిల్ల ఉండాది కదా. నెలాఖరుకి ఇంకో చోటు చూసుకో, తల్లీ."

నమ్మలేదట. చోటు మాత్రం చూసుకోవాలట.

ఆదర్శ్ కూడా అదే గదికి వెళ్ళి వచ్చాడు కదా. అతను అద్దెకుంటున్న ఇంటివాళ్ళు ఒక్క ముక్క అనలేదు. ఆదివారం అతనికి పెసరట్టు పెట్టి పంపించారట.

మార్చి 18

చెప్తే ఆదర్శ్ బాధపడ్డాడు. ఇల్లు వెతికిపెడతానన్నాడు. అంతమందితో ఆఫీసులో రోజూ మాట్లాడతాడు కదా, "అది నిజం కాదు" అని ఆ మూడు మాటలూ చెప్పరాదా అంటే, "మనం ఖండిస్తే ఇంకా పెద్దదవుతుంది" అన్నాడు. అదీ నిజమేనేమో.

నిజమేనా?

మార్చి 31

గోపన్‌పల్లికి మారాను. మా కాగితాలన్నీ కంప్యూటర్లో టైపు చేసే శ్రావణి వాళ్ళ ఊరు. తనే అడిగింది.

"మా ఇంట్ల ముంగటి రూము ఖాళీగనే ఉంది మేడం. జర దూరం, బస్సులు తక్వ. కానీ మీరేం ఫికర్ చెయ్యకున్రి. మా అమ్మ మంచిగ చూస్కుంటది."

"నా గురించి ఆఫీసులో అనుకుంటున్నది విన్నావా?"

"విన్న. ఒకనికి మంచిగ ఇచ్చిన గూడ. ఇగ నా ముంగట మాట్లాడరు."

ఆరేళ్ళ స్నేహితుడు చెయ్యనిది, ఏడాది కూడా కాని పరిచయంలో ఈ పిల్ల చేసింది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఎవరి తరఫున సిగ్గుపడుతున్నానో తెలియడం లేదు.

ఏప్రిల్ 9

సీడీ పెట్టె మీద అచ్చు వెయ్యాల్సిన మాటలు శ్రావణి కంప్యూటర్లో చూశాను. 'సంపాదకుడు: ఆదర్శ్' అని పెద్ద అక్షరాలు. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో 'సహకారం: సంయుక్త'.

"ఎవరిచ్చారు ఇది?"

"ఆదర్శ్ సారే ఇచ్చిండు, మేడం. నేను అడిగిన, గిట్లనేనా అని. గిట్లనే అన్నడు."

చలపతిరావు గారు చెప్పి ఉంటారు. లేకపోతే ఆదర్శ్ ఎందుకు రాస్తాడు?

ఏప్రిల్ 12

సహకారం! ఎం, ఎన్, ఓ, పీ, అన్నీ సహకారమేనా? ఆఖరి జెడ్ దాకా సహకారమేనా?

సాయంత్రం ఆఫీసు నుంచి బస్టాపు దాకా నడుస్తూ అడిగాను. రోడ్డుకి రెండు వైపులా బండలు పేల్చిన దుమ్ము.

"పెద్దాయన నిర్ణయం అది. ఒక్క పేరే ఉంటే కొనేవాళ్ళకి నమ్మకంగా ఉంటుందన్నారు. నేను చాలా చెప్పి చూశాను" అన్నాడు ఆదర్శ్.

"ఏం చెప్పావు?"

నడక వేగం పెంచాడు. తర్వాత ఆగి నా వైపు తిరిగాడు.

"సంయుక్తా, ఒకటి అడుగుతాను. అందరూ ఎలాగూ అనుకుంటున్నారు. దాన్ని నిజం చేసేద్దాం. పెళ్ళి చేసుకుందాం. అప్పుడు పెట్టె మీద నీ పేరున్నా నా పేరున్నా ఒకటే కదా."

ఆలోచించి చెప్తానన్నాను.

ఈ మాట ఎప్పుడంటాడా అని నేను

ఏప్రిల్ 13

అమ్మకి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. కవరు మీద 'అమలాపురం' దాకా రాశాను.

ఏప్రిల్ 14

మంచివాడు. తాగడు. నేనంటే ఇష్టం. అమ్మ సంతోషిస్తుంది. రత్నమ్మ గారు కూడా పసుపూ కుంకుమా పెడతారు. ఇవన్నీ నిజమే.

అయితే పొద్దున్నించీ ఒకటే ఆలోచన. ఒకటే కదా అన్నాడు. ఒకటే అయితే నా పేరే వెయ్యొచ్చు కదా?

ఏప్రిల్ 15

అడిగేశాను.

"ఆదర్శ్, నువ్వన్నది బాగానే ఉంది. పెళ్ళయ్యాక ఇద్దరి పేరూ ఒకటే కదా. సంపాదకురాలు సంయుక్త అని వేయించు. నీది కింద సహకారం అని పెడదాం."

ఫక్కున నవ్వాడు. "నీ జోకులు నువ్వూనూ!" అన్నాడు. నేను నవ్వడం లేదని గమనించడానికి చాలాసేపు పట్టింది అతనికి.

ఏప్రిల్ 19, సోమవారం

అంతా వరసగా రాయాలి. రేపటికి నేనే దీన్ని మెత్తబరిచి గుర్తు తెచ్చుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున నేరుగా చలపతిరావు గారి గదికి వెళ్ళాను. ఫిబ్రవరిలోనే వెళ్ళాల్సింది.

"ఏంటమ్మాయ్, అంత సీరియస్‌గా ఉన్నావు? కూర్చో."

కూర్చోలేదు. "పెట్టె మీద ఒక్క పేరే ఉండాలని మీరెందుకు అనుకున్నారండీ?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "నేనా? నేననుకోవడమేంటి? నువ్వు సాయానికి మాత్రమే ఉన్నావని, నీకు పేరు మీద ఆశ లేదని ఆదర్శే కదా మొదట్నించీ చెప్పింది. ఈ రోజుల్లో ఇలాంటి పిల్లలు కూడా ఉన్నారా అని ఇంట్లో కూడా చెప్పాను."

మొదట్నించీ.

అప్పుడు కూర్చున్నాను. బెంగుళూరు గది గురించి ఫోన్ వచ్చిందా అని అడిగాను. ఆయనకి ఏ ఫోనూ రాలేదట. అలాంటి ఫోన్లు ఆదర్శ్ బల్ల మీదకే వెళ్తాయట. కంపానియన్ అంటే ఏమిటో కూడా చెప్పాను. చెప్పడానికి మొహమాటపడలేదు. ఈ రెండు నెలలూ నేను పడింది చాలు.

"అదేంటమ్మా! మా చదువుకునే రోజుల్లో గైడు పుస్తకాల మీద ఉండేదే, స్టూడెంట్ కంపానియన్ అని! తోడుండేది అనే అర్థం అనుకున్నాను" అన్నారు. ఆ మనిషి మొహం జేవురించింది. "నీ అంత కూతురుంది నాకు. ఆదర్శ్ పక్కనే ఉన్నాడు కదా, ఒక్క మాట చెప్పొద్దా?"

బెల్లు కొట్టి ఆదర్శ్‌నీ శ్రావణినీ పిలిపించారు.

ముందు శ్రావణిని అడిగారు, ఎవరు ఏది రాశారని.

"ఎం కాడికెళ్ళి ఆఖరి దాంక మేడం రాసిందే సార్. సీల సగం, ఎఫ్ మొత్తం గూడ మేడమే. నేనే టైప్ కొట్టిన కద."

చలపతిరావు గారు ఆదర్శ్ వైపు చూశారు. ఆదర్శ్ నా వైపు చూడలేదు.

"సార్, మీకు చెప్దామనే అనుకుంటున్నాం. మేమిద్దరం పెళ్ళి చేసుకోబోతున్నాం. ఇది మా ఇంటి విషయం. మేం మేం మాట్లాడుకుంటాం."

"లేదు" అన్నాను. గట్టిగానే వచ్చింది గొంతు. "నేను ఒప్పుకోలేదు."

"ఆలోచిస్తానన్నావు!"

"ఆలోచించాను."

"ఇంత చిన్న విషయానికా, సంయుక్తా? నీకు నేను కావాలా, పెట్టె మీద పేరు కావాలా?"

"రెండూ కావాలనుకున్నాను. రెండూ ఒకటేనని నువ్వే అన్నావు. నీది తీసి నాది వెయ్యమంటే నవ్వావు. అప్పుడు అర్థమైంది, రెండూ ఒకటి కాదని నీకు ముందే తెలుసని."

"నేను నీకు అన్యాయం చెయ్యాలనుకోలేదు."

"అనుకోకుండానే రెండేళ్ళు చేశావా?"

చలపతిరావు గారు టేబుల్ మీద పేపరు వెయిట్‌ని అటూ ఇటూ తిప్పారు. తర్వాత అన్నారు. "ఇద్దరి పేర్లూ పక్కపక్కన, ఒకే సైజులో వేయిస్తాను. ఇష్టం లేనివాళ్ళు తమ పేరు తీయించుకోవచ్చు."

"శ్రావణి పేరు కూడా వెయ్యండి. టైపు చేసింది తనే" అన్నాను.

"టైపు చేసినవాళ్ళ పేరు కూడానా?"

"కూడానే."

వేయిస్తానన్నారు. శ్రావణి మాత్రం గది బయటికొచ్చాక, "నా పేరెందుకు మేడం, పరేషాన్‌ల మీరుండి" అంటూ నా భుజం పట్టుకుంది. మెట్ల మీద కూర్చున్నాం ఇద్దరం. నేను ఏడ్చాను. పేరు వచ్చినందుకు కాదు.

ఏప్రిల్ 21

ఆదర్శ్ తన పేరు తీయించుకోలేదు.

మే 3

ఆదర్శ్ తన బల్ల పక్క గదిలోకి మార్పించుకున్నాడు. ఎదురుపడితే తల ఊపుతాడు. నేనూ ఊపుతున్నాను. నాకు ఏమీ లేదు. బాగానే ఉంది.

మే 4

బాగా లేదు. ఎందుకు అబద్ధం రాయడం?

కానీ నిన్న జయలక్ష్మి గారు లండన్ నుంచి ఫోన్ చేసి నన్నే పిలవమన్నారు. సీడీలు తీసుకుంటున్నారట. బెంగుళూరు సంగతి తల్చుకుంటే ఇప్పటికీ తలవంపులుగా ఉందన్నారు. తలవంపులు ఆవిడకి! ఎవరికి ఉండాలో వాళ్ళకి లేవు.

జూన్ 5, శనివారం

సీడీ ఆవిష్కరణ అయింది. రవీంద్రభారతిలోనో మరో చోటో కాదు, మా ఆఫీసు ముందు ఖాళీ స్థలంలోనే, షామియానా వేసి. చలపతిరావు గారు తెలుగులోనే మాట్లాడారు. "మా సంపాదకులిద్దరూ" అన్నారు. ఇద్దరినీ వేదిక మీదకి పిలిచారు. నేను కుర్చీలో కూర్చుని ముందుకే చూశాను.

సభ అయ్యాక ఫలహారాల దగ్గర ఆదర్శ్ వాళ్ళమ్మ గారు కనిపించారు. కాకినాడ నుంచి దీనికోసమే వచ్చారు. పట్టుచీర, చేతిలో సీడీ పెట్టె. నన్ను చూసి నవ్వారు. ఆదర్శ్ తప్పించుకోలేకపోయాడు.

"అమ్మా, వీరు సంయుక్త గారు. మా..."

అక్కడ ఆగాడు. మా తర్వాత ఏం చెప్పాలో దొరకలేదు. ఇన్ని మాటలకి అర్థాలు రాసినవాడికి ఒక్క మాట దొరకలేదు. ఎవరో తెలియని మనిషి గురించి చెప్పినట్టు, "వీరు ఇక్కడే పనిచేస్తారు" అని ముగించాడు. గారు అట. వీరు అట.

"ఓహో, నువ్వు చెప్పే అమ్మాయి ఈవిడేనా? నీకు సాయం చేస్తుందని చెప్పేవాడివి" అన్నారు ఆవిడ.

అతను నేల చూస్తున్నాడు. సరిదిద్దుతాడేమోనని నేను ఒక క్షణం ఆగాను. అవును, ఇంకా ఆగాను. ఇంత జరిగాక కూడా. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"సాయం కాదండీ. ఇందులో సగం నేను రాశాను. సగం కంటే కొంచెం ఎక్కువే" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పెట్టెని వెలుతురు వైపు తిప్పారు. పెదవులు కదుపుతూ చదివారు. తర్వాత కొడుకు వైపు తిరిగారు.

"ఇద్దరి పేర్లూ ఒకేలా ఉన్నాయి కదరా ఇక్కడ. మరి సాయమని చెప్పావేంటి?"

అతను ఏమన్నాడో నేను వినలేదు. ఆ జవాబు ఆవిడకి చెప్పాల్సింది, నాకు కాదు. అవతల శ్రావణి ఫొటోకి నిలబడి, "జల్ది రాండ్రి మేడం, ఇగ మనదే నంబరు" అని కేకేస్తోంది. ప్లేటు బల్ల మీద పెట్టి వెళ్ళాను.